చెట్టెక్కేవాడికి ప్రభువు బల్ల దగ్గర చోటుందా?



మేము సేవ చేసే ఊళ్ళు ఆనందపురం, భీమిలి మధ్య ఉన్నా, ఆ ఊళ్ళ పిల్లల్లో చాలామంది ఇప్పుడు ఉండేది మద్దిలపాలెంలోనే. ఆర్టీసీ డిపో చుట్టుపక్కల సందుల్లో గదులు అద్దెకు తీసుకుని ఒకడు బట్టల షాపులో, ఒకడు హోటల్లో, ఒకడు ఆటో మీద బతుకుతున్నాడు. ఆదివారం ఊరికి రావడం వాళ్ళకు కుదరదు. అందుకని నెలకొక శుక్రవారం సాయంత్రం మేమే బస్సెక్కి వెళ్ళి అక్కడ గృహకూడిక పెడుతున్నాం. పోయిన వేసవిలో కూడిక ముగిసి టీ తాగుతుంటే ఒక తమ్ముడు మెల్లగా దగ్గరికొచ్చి అడిగాడు.

"అయ్యగోరూ, మా నాన్నకి బాప్తిస్మం తీసుకోవాలనుంది. వేరే దగ్గర అడిగితే ముందు మోకూ కత్తీ వదిలీమన్నారట. అరవై దగ్గరికొచ్చీసినాడు, ఇప్పుడు వదిలీసి ఏటి సేస్తాడండీ? సెట్టెక్కడం పాపమేటండి?"

వాళ్ళది గీత పని చేసే కుటుంబం. తాత గీశాడు, తండ్రి గీస్తున్నాడు, ఈ కుర్రాడు సిటీకి వచ్చేశాడు. ఆ రాత్రి అక్కడ చెప్పిన జవాబే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాం. మా మాట ముందే చెప్పేస్తాం. ఆ పెద్దాయన విశ్వసిస్తే బాప్తిస్మం ఇస్తాం. కత్తి పారేసి రమ్మని షరతు పెట్టం. తోటి సేవకుల్లో కొందరికి ఇది నచ్చదని తెలుసు. వారి మీద మాకు గౌరవం ఉంది, అయినా ఈ విషయంలో వారితో ఏకీభవించలేం.

తాగుడు విషయంలో మా నోరు మెత్తబడిందని ఎవరూ అనుకోవద్దు. ముప్పై ఐదేళ్ళు నిండకుండానే తాగి పోయిన మగవాళ్ళ భూస్థాపన కూడికలు ఎన్ని చేశామో లెక్కపెట్టుకోలేదు. జీతం రోజు రాత్రి పిల్లల్ని తీసుకుని మా ఇంటికి వచ్చేసి, తెల్లారేదాకా వరండాలో కూర్చున్న అక్కచెల్లెళ్ళు మాకు తెలుసు. మా సంఘంలో తాగుడు మానని మనిషికి ఏ బాధ్యతా అప్పగించం. అయితే ఒక్క మాట. ఆ ఇళ్ళను కూల్చిన సీసా తాటిచెట్టు మీద నుంచి దిగినది కాదు. అది ఫ్యాక్టరీలో పుట్టి, లారీలో వచ్చి, బెల్టు షాపులో అమ్ముడైనది. దాని వెనక ఉన్న పెద్దమనుషుల్ని ఏ సంఘమూ బాప్తిస్మానికి ముందు లైసెన్సు చూపించమని అడగగా మేము వినలేదు. దొరికింది మోకు వేసుకున్న ముసలాయనే.

ముందు ఆ పని ఏమిటో చూద్దాం. తినే ముంజెకు, తేగకు తప్ప తాటిచెట్టు వైపు తలెత్తి చూడని వాళ్ళమే మనలో ఎక్కువమంది.

తాటిటెంక భూమిలో పడిన తర్వాత అది గీతకు రావడానికి తక్కువలో తక్కువ 12 నుంచి 15 ఏళ్ళు పడుతుంది. నేల పేదదైతే ఇంకా ఎక్కువ. అంటే నాటినవాడు తన కోసం నాటుకోడు. కొత్తగా నాటిన చెట్టు పండును మూడేళ్ళు ముట్టవద్దని, నాలుగో ఏటిది దేవునికి ప్రతిష్ఠితమని, ఐదో ఏట తినమని మోషే ధర్మశాస్త్రంలో ఉంది. లేవీయకాండం 19వ అధ్యాయం చూడండి. మనకు ఆ ఐదేళ్ళే ఎక్కువనిపిస్తాయి. తాడి దానికి మూడింతలు ఆగమంటుంది.

ఈతచెట్టుకు చలికాలం, తాడికి సంక్రాంతి దాటాక ఎండలు ముదిరేదాకా. పోతుతాడికి పూల గెలలు వేళ్ళలా బయటికి వస్తాయి. వాటిని కట్టగా కట్టి, చెక్కలతో మెత్తగా నొక్కుతూ కొన్ని రోజులు మచ్చిక చెయ్యాలి. తొందరపడితే గెల ఎండిపోతుంది. ఆడచెట్టుకైతే కాయ ముదరక ముందే లేత గెలను అలాగే నొక్కాలి. తర్వాత కొస గీసి కింద కుండ కట్టాలి. అక్కడితో పని అయిపోలేదు, అక్కడే మొదలు. రోజూ ఎక్కాలి, గెల కొసను మళ్ళీ సన్నగా గియ్యాలి. గీత మందమైతే నాలుగు రోజుల్లో గెల అయిపోతుంది. మరీ పల్చనైతే రసం ఊరదు. ఆ మందం ఎంతో ఏ పుస్తకంలోనూ రాసి లేదు, అది తండ్రి చేతిని చూసి కొడుకు చేతికి రావలసిందే. పోతుచెట్టును ఎలా నొక్కాలో, ఏ ఆడచెట్టును ఈ ఏడు గియ్యకుండా ముంజెలకు వదిలెయ్యాలో తెలియడానికి ఒక మనిషికి సగం జీవితం పడుతుంది.

ఒక చెట్టు 50 అడుగులు అనుకోండి. పది చెట్లు, రోజుకు మూడుసార్లు. పైకి ఎక్కిందే 1500 అడుగులు అవుతుంది. మన కైలాసగిరి కొండ ఎత్తు 600 అడుగులు కూడా లేదు. మనం దాన్ని రోప్‌వేలో ఎక్కి ఫోటోలు దిగి వస్తాం. ఆయన నడుముకు మోకు, కాళ్ళకు బంధం, వెనక కత్తి, భుజాన కుండతో ఎక్కుతాడు. వానకు బెరడు జారుతుంది, గాలికి మొవ్వు ఊగుతుంది. పట్టు తప్పితే ప్రాణం పోతుంది, లేదా వెన్నుపూస విరిగి మంచాన పడతాడు. మంచాన పడటమే ఇంట్లోవాళ్ళకు ఎక్కువ కష్టం. తెలంగాణలో 2024లో కాటమయ్య రక్షణ కవచం అని గీతవాళ్ళకు కొత్త రకం భద్రతా పరికరాలు పంచడం మొదలుపెట్టారు. ఇన్ని శతాబ్దాల తర్వాత వాళ్ళ నడుముకు కొంచెం గట్టి తాడు దొరికింది, సంతోషమే.

పైగా చాలాచోట్ల చెట్టు ఆయనది కాదు. చెట్టు రైతుది, కత్తి ఈయనది. సీజనుకు ఇంతని రైతుకు చెల్లించి గీసుకుంటాడు. అంటే కౌలుదారు. మనం కౌలురైతు కష్టం గురించి ప్రార్థన చేస్తాం కానీ, ఈ కౌలుదారు మాత్రం మన ప్రార్థనల్లోకి రాడు.

కొండల మీద ఇంకొక రకం చెట్టు ఉంది, జీలుగు. పొలంలో పచ్చిరొట్టకు చల్లే జీలుగు కాదు, తాటి కుటుంబానికి చెందిన పెద్ద వృక్షం. అరకు, పాడేరు, చింతపల్లి వైపు గిరిజన కుటుంబాలకు ఈ చెట్లు పొలంతో సమానమైన ఆస్తి. అది మొన్నటి దాకా మన జిల్లాయే, 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా. ఈ జీలుగు పెరిగినంతకాలం పుయ్యదు. ఎదగడం పూర్తయ్యాకే పూత మొదలుపెడుతుంది. అదీ తల దగ్గర మొదలుపెట్టి, ఏటికేడు ఒక్కో మెట్టు కిందికి దిగుతూ పూస్తుంది. అన్నిటికన్నా కింది గెల పూసి అయిపోయాక చెట్టు చనిపోతుంది. ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్నదంతా పైనుంచి కిందికి పోసేసి వెళ్ళిపోతుందన్నమాట. దీని మీద ఒక ప్రసంగం రాసుకోవాలని మాకు ఎప్పటినుంచో ఉంది. ఈ వ్యాసంలో దానికి చోటు లేదు.

ఇక కల్లు సంగతి. చెట్టు నుంచి కారేటప్పుడు అది తియ్యటి నీరు, నీరా. అందులో పదో వంతుకు పైగా చక్కెరే. కుండకు లోపల సున్నం పూస్తే అలాగే తియ్యగా ఉంటుంది, దాన్ని కాచి తాటిబెల్లం చేస్తారు. సున్నం పుయ్యకపోతే గాలిలోనూ కుండలోనూ ఉండే ఈస్టు దాన్ని వెంటనే పులియబెట్టడం మొదలుపెడుతుంది. కొన్ని గంటల్లోనే అది కల్లు. అందులో మత్తు పదార్థం నూటికి నాలుగైదు పాళ్ళు. మరుసటి రోజుకు పుల్లబడిపోతుంది. ఇంకా ఉంచితే వెనిగర్ అవుతుంది, ఎవరూ తాగరు.

మేము అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించింది ఈ ఒక్క విషయం గురించే. ద్రాక్షారసం ఏళ్ళు నిల్వ ఉంటుంది, పాతబడేకొద్దీ ధర పెరుగుతుంది. కల్లు అలా కాదు. అది ఇవాళ్టిది. అరణ్యంలో మన్నా ఎలాగో అలాగ. ఇశ్రాయేలీయుల్లో కొందరు మరునాటికి దాచుకుంటే పురుగు పట్టి కంపు కొట్టింది. గీతవాడి కుండ కూడా అదే మాట చెబుతుంది. ఎంత ఆశపోతు అయినా నెల కల్లు గోదాములో పోగేసి ధర పెరిగాక అమ్ముకోలేడు. కొట్లు పడగొట్టి పెద్ద కొట్లు కట్టుకున్న ధనవంతుడి ఉపమానం ప్రభువు చెప్పాడు కదా, అందులోని మనిషి గీతవాడు కావడానికి వీల్లేదు. ఆయనకు కొట్టే లేదు. రేపు మళ్ళీ ఎక్కాలి, అంతే.

అందుకే గీత కుటుంబాల్లో ఒక రకమైన నెమ్మది కనిపిస్తుంది మాకు. చెట్టు ఇచ్చిందాంతో సరిపెట్టుకుంటారు. ఇవాళ తక్కువ ఊరితే చెట్టును తిట్టరు. "దానికీ ఒంట్లో బాగోదు" అని ఊరుకుంటారు. చెట్టును ఎక్కువ పిండితే వచ్చే ఏడు ఉండదని వాళ్ళకు తెలుసు. మనలో ఎంతమందికి ఆ సంగతి తెలుసు?

పాపం ఎక్కడ చొరబడిందో కూడా చెప్పాలి. చెట్టు ఇచ్చేది చాలదని మనిషి అనుకున్న రోజున చొరబడింది. చెట్లు తగ్గాయి, తాగేవాళ్ళు పెరిగారు. అప్పుడు నీళ్ళలో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం లాంటి మందులు కలిపి కల్లు పేరుతో అమ్మడం మొదలైంది. తెలంగాణ జిల్లాల్లో ఆ కల్తీకి అలవాటు పడిన కూలివాళ్ళు ఒక్కరోజు అది దొరక్కపోతే వణుకుతూ, పిచ్చి చూపులు చూస్తూ ఆసుపత్రులకు వచ్చారు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు చచ్చిపోయారు. అది చెట్టు చేసిన పని కాదు. చెట్టు లేకుండా కల్లు చెయ్యాలనుకున్న వ్యాపారం చేసిన పని.

ఇక వాక్యం దగ్గరికి వద్దాం.

ద్రాక్షతోట వేసిన మొదటి మనిషి నోవహు. తాగి గుడారంలో పడిపోయి సిగ్గుపాలైన మొదటి మనిషీ ఆయనే. మేఘంలో ధనుస్సు కనిపించిన అధ్యాయంలోనే అదీ ఉంది. పరిశుద్ధ గ్రంథం ఏదీ దాచలేదు. తాగి తూలేవాడి సంగతి సామెతల గ్రంథం ఎంత కటువుగా చెప్పిందో మీకు తెలుసు. అయినా ఎక్కడా ద్రాక్షతోట నాటడం పాపమని చెప్పలేదు. పైగా దేవుడు తననే తోటమాలితో పోల్చుకున్నాడు. ప్రభువు తననే ద్రాక్షావల్లి అన్నాడు. తీగెను కత్తిరించడం గురించి ఆయన చెప్పిన మాటలు మనం కుర్చీలో కూర్చుని చదువుతాం. గెల కొసను రోజూ పల్చగా గీసేవాడికి అది వేరేగా అర్థమవుతుంది. గియ్యకపోతే ఊరదని వాడికి చేతుల్లోనే తెలుసు.

కానా ఊరి పెళ్ళిలో ఆరు రాతిబానలు. ఇప్పటి కొలతలో ఒక్కొక్కటి సుమారు 80 నుంచి 120 లీటర్లు. అంత ద్రాక్షారసం చేసినవాడిని మనం ప్రభువని పిలుస్తున్నాం. "అది మత్తులేని రసమే" అని కొందరు వాదిస్తారు. తెలుగు బైబిల్లో ద్రాక్షారసము అనే మాట రెండు వైపులా లాగడానికి అనువుగా ఉంది, నిజమే. కానీ ఒక చరిత్ర సంగతి వినండి. పిండిన ద్రాక్షరసం పులియకుండా నిల్వ ఉంచే పద్ధతి సంఘానికి తెలిసింది 1869లో. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో థామస్ వెల్చ్ అనే పళ్ళ డాక్టరు, మెథడిస్టు విశ్వాసి, పాశ్చర్ చూపించిన వేడి పద్ధతితో ప్రభువు బల్ల కోసం దాన్ని తయారుచేశాడు. మంచి ఉద్దేశంతోనే చేశాడు. తాగుడు నుంచి బయటపడిన మనిషి ఆ పాత్ర దగ్గర మళ్ళీ తడబడకూడదని మేము కూడా మత్తులేని రసమే వాడతాం. కానీ అంతకుముందు 1800 ఏళ్ళు ప్రభువు బల్ల మీద ఉన్నది ఎవరో ఒక రైతు కుటుంబం తొక్కి, పులియబెట్టి, మోసుకొచ్చినదే. ఆ రైతును సంఘం బయట నిలబెట్టలేదు.

జార్జియా అనే చిన్న దేశంలో పల్లె కుటుంబాలు ఇప్పటికీ పెద్ద మట్టికుండను పెరట్లో మెడ దాకా పూడ్చి అందులో ద్రాక్షారసం చేసుకుంటాయి. క్వెవ్రీ అంటారు ఆ కుండను. 2013లో యునెస్కో దాన్ని మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. అదీ మట్టికుండే, మన కల్లుకుండా మట్టికుండే. దానికి వారసత్వమని పేరొచ్చింది. దీనికి ఏం పేరుందో మనందరికీ తెలుసు.

"మరి రేకాబీయుల సంగతేమిటి?" అని ఒక సేవకుడు మమ్మల్ని అడిగారు. మంచి ప్రశ్న, దాటేయడానికి వీల్లేదు. యిర్మీయా 35వ అధ్యాయంలో ఆ వంశం వాళ్ళు ద్రాక్షారసం తాగలేదు, ద్రాక్షతోటలూ నాటలేదు, దేవుడు వారిని మెచ్చుకున్నాడు. కానీ ఆ అధ్యాయం మళ్ళీ చదవండి. దేవుడు మెచ్చింది వాళ్ళ తండ్రి మాటను వాళ్ళు నిలబెట్టుకున్నందుకు. వాళ్ళు ఇళ్ళు కట్టుకోలేదు, విత్తనాలు కూడా చల్లలేదు, గుడారాల్లో బతికారు. వాళ్ళ పేరు చెప్పి గీతవాణ్ణి ఆపాలంటే, వరి వేసేవాణ్ణి కూడా ఆపాలి. వాళ్ళు ఆ నియమం తమకు పెట్టుకున్నారు తప్ప యెరూషలేము గుమ్మం దగ్గర నిలబడి ఇంకొకరికి పెట్టలేదు.

మన దేశంలో ఈ నియమం ఇంకొకరికి పెట్టిన చరిత్ర కూడా ఉంది. విశాఖపట్నం అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1937 అక్టోబరులో రాజాజీ సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టారు. 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రం అంతటా వచ్చింది. ఉద్దేశం గొప్పది. కానీ అందులో కల్లు కూడా చేరింది. రాత్రికి రాత్రి గీత కుటుంబాలకు పని లేదు. చెట్టు అక్కడే ఉంది, ఎక్కితే జైలు. మన ఉత్తరాంధ్రలో యాత, శ్రీశయన, గోదావరి జిల్లాల్లో శెట్టిబలిజ, రాయలసీమలో ఈడిగ, పేరేదైనా అందరి కష్టం ఒకటే. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక శ్రీకాకుళం జిల్లా బారువకు చెందిన సర్దార్ గౌతు లచ్చన్న గీతవాళ్ళ తరఫున సత్యాగ్రహం నడిపారు. ఆ గొడవ మీదే 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. చెట్టెక్కేవాళ్ళ కడుపుమంట ఒక రాష్ట్ర ప్రభుత్వాన్ని దించిందని మన పిల్లలకు ఎవరైనా చెబుతున్నారా?

రెండోవైపు కూడా ఉంది, దాన్ని మరుగుపరిస్తే అన్యాయం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు, రోశమ్మగారి ముందడుగుతో, సారా దుకాణాన్ని ఎదిరించారు. 1993 అక్టోబరులో సారా ఆగింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. ఆ తల్లుల పోరాటం నీతిగల పోరాటం. మేము ఎప్పుడూ వారి పక్షమే. వాళ్ళు చీపురుకట్ట పట్టుకుని నిలబడింది కాంట్రాక్టరు సారా ముందు. ఆ తేడా వారికి తెలుసు, మనకే తెలియడం లేదు.

ఈ మధ్య మన రాష్ట్రంలో కొత్త మద్యం దుకాణాల్లో 10 శాతం గీత కులాలకు కేటాయించారు. వెనకబడినవారికి వ్యాపారంలో వాటా రావాలనే మాట మంచిదే. మాకు మాత్రం అది వింతగా అనిపించింది. చెట్టు మీద బతికినవాడికి చెట్లు నాటుకునే నేల ఇవ్వకుండా ఫ్యాక్టరీ సీసాలు అమ్మే కొట్టు ఇచ్చారు. పైగా ఆ దుకాణం తీసుకోవడానికి పెట్టుబడి ఉన్నది చెట్టెక్కేవాడికి కాదు కదా.

ఇంతకీ ఆ పెద్దాయనకు మేము ఏమీ చెప్పలేదా అంటే, చెప్పాం. షరతులుగా కాదు, కాపరిగా. గీసినది గీసినట్టే అమ్మాలి, నీళ్ళూ మందూ ఏదీ కలపకూడదు. పిల్లలకు పొయ్యకూడదు. కూలి డబ్బులు పట్టుకుని ఇంటికి పోకుండా వచ్చినవాడికి పొయ్యకూడదు. రెండో ముంత అడిగినవాడి పెళ్ళాం పేరు గుర్తుకు తెచ్చుకోవాలి. "ఊరంతా నాకు తెలిసినోళ్ళేనండి, పేర్లు గుర్తుకు తెచ్చుకోనక్కర్లేదు" అన్నాడాయన. బెల్టు షాపువాడు ఆ మాట అనలేడు. సీసా తాగేవాడెవరో దాన్ని నింపినవాడికి తెలియదు. ముంత పట్టేవాడెవరో గీసినవాడికి తెలుసు. తెలిసినవాడికి బాధ్యత కూడా ఎక్కువే, అది ఆయనకు చెప్పాం.

మెల్లగా బెల్లం వైపు మళ్ళమని కూడా చెప్పాం. ఇక్కడ సంఘం చేతులు కట్టుకుని కూర్చోకూడదు. సుమారు ఎనిమిది పది లీటర్ల నీరా కాస్తే కిలో బెల్లం వస్తుంది. దానికి కుండల్లో సున్నం పుయ్యాలి, తెల్లవారకముందే దించాలి, గంటల తరబడి పొయ్యి ముందు నిలబడి కలపాలి. ఆ నిలబడేది ఇంటి ఆడమనిషే. గీత కుటుంబంలో మగవాడు చెట్టు మీద కనిపిస్తాడు కాబట్టి ఆయన పనే మనకు తెలుసు. కుండలు కడిగి పొగబెట్టడం, కల్లు మోసుకెళ్ళి అమ్మడం, తాగుబోతుల మాటలు పడటం, తాటాకు కోసి ఆరబెట్టడం, కట్టెలు తేవడం, ఇవన్నీ ఆమెవే. రేపు బెల్లం మొదలుపెడితే ఆమెకు ఇంకో పని పెరుగుతుంది. ఆ సంగతి ఆలోచించకుండా "కల్లు మాని బెల్లం చేసుకోండి" అని పుల్పిట్ మీద నుంచి చెప్పడం తేలిక.

దారి లేకపోలేదు. రంపచోడవరం దగ్గర పందిరిమామిడిలో ఉద్యాన పరిశోధన కేంద్రం తాటి మీద పని చేస్తోంది. నీరా నిల్వ, బెల్లం, తేగల పిండి, ఇలాంటివన్నీ చూపిస్తారు. హైదరాబాదు నెక్లెస్ రోడ్డులో 2023లో నీరా కేఫ్ తెరిచారు, జనం కూర్చుని నీరా తాగుతున్నారు. నీరాను చెట్టు దిగిన క్షణం నుంచి చల్లగా ఉంచాలి, అది మన పల్లెకు ఖర్చైన పని. బెల్లానికి మాత్రం బాణలి, కట్టెలు, ఓపిక ఉంటే చాలు.

అయితే చెట్లే లేకపోతే ఇవన్నీ ఎవరికి? మద్దిలపాలెం నుంచి హనుమంతవాక, మధురవాడ మీదుగా ఆనందపురం దాకా బస్సు కిటికీలోంచి చూడండి. లేఅవుట్ల హద్దురాళ్ళ మధ్య అక్కడక్కడ మొవ్వు తెగిన తాటి మొండాలు కనిపిస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊళ్ళలో మహావృక్షాల్ని వేళ్ళతో లేపేసింది. ఆ మర్నాడు పొలం గట్ల మీద తాటిచెట్లు చాలాచోట్ల ఆకులు చిరిగి, నిలబడే ఉన్నాయి. అంత గాలికి పడనిది ప్లాటు కొలతకు అడ్డమొస్తే పది నిమిషాల్లో పడిపోతోంది. నాబోతు తన ద్రాక్షతోట అహాబుకు ఎందుకు ఇవ్వనన్నాడో మీకు గుర్తుండే ఉంటుంది. పితరుల స్వాస్థ్యం అన్నాడు. రాజు దానికి బదులు ఇంతకన్నా మంచి తోట ఇస్తానన్నాడు, వెల ఇస్తానన్నాడు. అయినా నాబోతు ఒప్పుకోలేదు. గీతవాడికి ఆ పాటి మాట అనే అవకాశం కూడా లేదు, చెట్టు ఆయన పేరున లేదు కదా. రైతు భూమి అమ్మేస్తాడు, రైతుకు డబ్బు వస్తుంది. తండ్రి తరం నుంచి ఆ చెట్టును గీసినవాడికి కబురు కూడా రాదు. ఉదయం మోకు పట్టుకుని వెళితే చెట్టు ఉండదు.

మన సంఘాల్లో స్థలాలు అమ్మేవాళ్ళున్నారు, కొనేవాళ్ళున్నారు, మధ్యవర్తులూ ఉన్నారు. వారికి మా మనవి ఒకటే. గట్టు మీది తాళ్ళు కొట్టించే ముందు వాటిని గీసేవాడెవరో అడగండి. సీజను మధ్యలో ఉంటే అది అయ్యేదాకా ఆగండి. వీలైతే రోడ్డు వారవి ఉంచెయ్యండి.

చివరిగా కొన్ని సంఘ విషయాలు. బెల్లం కాచడానికి పెద్ద బాణలి ఒకటి కొనాలని పెద్దలు నిర్ణయించారు, అది ఏ ఒక్కరిదీ కాదు, గీత కుటుంబాలన్నీ వాడుకోవచ్చు. చర్చి వెనక ఖాళీ స్థలంలో తాటిటెంకలు పాతడానికి ఆగస్టులో యౌవనస్థులు రావాలి, పలుగులు తెచ్చుకోండి. సంక్రాంతి తర్వాత మొదటి విడత బెల్లం దిగుతుంది. మద్దిలపాలెం కూడికకు వచ్చేటప్పుడు మేమే తెస్తాం. కావలసినవారు ఎన్ని కిలోలో ముందుగా చెప్పండి. బేరం ఆడవద్దు.

మీ ప్రార్థనల్లో మమ్మల్ని జ్ఞాపకం చేసుకోండి.